గేదెకు ఇన్సూరెన్స్ కడుతున్నారా? ముందు చెవి చూసుకోండి

పాడి గేదెలు కొనేవాళ్ల కోసం, ముఖ్యంగా బ్యాంకు లోన్ మీద కొనేవాళ్ల కోసం రాస్తున్నాను. మా గేదె చనిపోయింది, క్లెయిమ్ రాలేదు. ప్రీమియం మాత్రం లోన్ చేతికి రాకముందే అందులోంచి పట్టుకున్నారు. ఏ కంపెనీ, ఏ ఏజెంటు అన్నది రాయను, ఫిర్యాదు నడుస్తోంది. పశువుల పాలసీల్లో షరతులు ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కాబట్టి ఆ పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు.

హర్యానా నుంచి దింపిన రెండో ఈత ముర్రా, లక్షా పదివేలు పెట్టి కొన్నాం. పాలసీలో దాని విలువ 80,000 వేశారు. ప్రీమియం 4 శాతం, అంటే 3,200. చెవికి పసుపు ట్యాగు, దాని మీద పన్నెండు అంకెల నంబరు. ఏజెంటు వచ్చి గేదెను ముందు నుంచి, పక్క నుంచి, నంబరు కనిపించేలా చెవి దగ్గర్నుంచి ఫొటోలు తీసుకున్నాడు. "అన్నీ కవర్ అవుతాయి అన్నా, మీకెందుకు టెన్షన్" అన్నాడు. ఆ "అన్నీ" సంగతి తర్వాత చెప్తాను.

కొన్ని నెలలకు ట్యాగు ఊడిపోయింది. దొడ్డి చుట్టూ వేసిన కంపకు గేదె తల రుద్దుకుంటుంటే చెవి చీలి ఎక్కడో పడిపోయింది. వెతికినా దొరకలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే రెండో చెవికి కొత్త ట్యాగు వేశారు. ఆ రోజే ఫొటో తీసి ఏజెంటుకు వాట్సాప్‌లో పంపాం. "సరే అన్నా, నేను ఎక్కించేస్తా" అని జవాబిచ్చాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. కంపెనీ రికార్డుల్లోకి మాత్రం కొత్త నంబరు ఎక్కలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి గేదెకు కడుపుబ్బరం వచ్చింది. డాక్టరు గారు బయల్దేరి వచ్చేలోపే పోయింది. పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి చెప్పాం, పోస్టుమార్టం చేయించాం. డాక్టరు గారు ట్యాగు ఉన్న చెవి ముక్కను అలాగే కోసి కవర్లో పెట్టి ఇచ్చారు. క్లెయిమ్ కాగితాలతో పాటు అది కూడా ఇవ్వాలి, తెలియనివాళ్లు గుర్తుపెట్టుకోండి. కంపెనీ తరఫున వచ్చినాయన ఫోన్లో పాత ఫొటో పెద్దది చేసుకుని, కవర్లో ఉన్న ట్యాగుతో ఒక్కో అంకె పోల్చి చూశాడు. రాసుకున్నాడు, వెళ్లిపోయాడు. తర్వాత ఉత్తరం వచ్చింది: పాలసీలో ఉన్న నంబరు గల పశువు చనిపోయినట్టు ఆధారం లేదు, క్లెయిమ్ ఇవ్వలేం. అంటే కాగితాల ప్రకారం మా గేదె ఇంకా బతికే ఉంది! పాలు ఎవరికి పోస్తోందో మరి.

ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు అనేది ఈ పాలసీల్లో మొదటి రూలు. ట్యాగు ఊడితే కొత్తది వేయిస్తే సరిపోదు. పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసి, డాక్టరు గారి చీటీ జతచేసి, కంపెనీ ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గర ఉండే కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అక్కడితో కూడా ఆగకండి. కొత్త నంబరుతో ఎండార్స్‌మెంట్ కాగితం, అంటే పాలసీలో మార్పు ఎక్కించినట్టు కంపెనీ ఇచ్చే కాగితం, చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ఏజెంటు వాట్సాప్ మాట కంపెనీ మాట కాదని మాకు మొహం మీదే చెప్పారు.

సంతలో గేదె కొనేవాళ్లకు ఇంకో మాట. "దీనికి ఇన్సూరెన్స్ కూడా ఉందండి" అని చెప్పి బేరం పెంచే దళారులు ఉన్నారు. ఆ పాలసీ అమ్మినవాడి పేరు మీద ఉంటుంది. మీ పేరుకు మార్పించుకోకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు కంపెనీ మీకు జవాబు చెప్పదు. సరే, కొత్తగా తీసుకుందాం అంటే, మొదటి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే సాధారణంగా ఇవ్వరు. దూరం నుంచి లారీలో వచ్చిన గేదె నీరసించి జబ్బుపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించినట్టు చీటీ లేకపోతే ఆ జబ్బులతో పోయినప్పుడు పేచీ పెడతారు. దొంగతనానికి మామూలు పాలసీలో పైసా రాదు. వయసు కూడా చూస్తారు, పాడి గేదెకు మామూలుగా మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకే.

ఇప్పుడు ఆ "అన్నీ" సంగతి. మామూలు పాలసీ గేదె చనిపోతేనే ఇస్తుంది. పాడి పెట్టినవాళ్లను అడగండి, ఎక్కువ దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తారు. గేదె బతికే ఉంటుంది, పాలు ఉండవు. కట్టు నిలవదు, అంటే చూడి నిలబడదు, ఎన్ని సూదులు వేయించినా మళ్లీ ఎదకొస్తుంది. లేదంటే పొదుగువాపు వచ్చి చన్నులు ఎండిపోతాయి. మేత ఖర్చు మాత్రం తగ్గదు. దీనికి పీటీడీ అని, అంటే శాశ్వత పూర్తి వైకల్యం కింద, అదనపు ప్రీమియం కట్టి విడిగా తీసుకోవాలి. తీసుకున్నా సాధారణంగా పాలసీ మొత్తంలో 75 శాతమే ఇస్తారు. అందులోనూ "పూర్తి" అన్న మాట దగ్గర పట్టుబడతారు. మా పక్క కొట్టంవాళ్ల గేదెకు రెండు చన్నులు పోయాయి, రెండు మిగిలాయి. ఇంకా పాలిస్తోంది కదా అన్నారు, అయిపోయింది. మా పాలసీలో అయితే పీటీడీ అసలు లేనే లేదు, అది ఉంటుందని కూడా ఎవరూ చెప్పలేదు.

మరి ఇన్సూరెన్స్ దండగా? అలా అనను. మా బావమరిది గేదె పాము కాటుతో పోయింది, ట్యాగు అదే, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, డబ్బులొచ్చాయి. అయితే లోన్ ఉంది కాబట్టి ముందు బ్యాంకు ఖాతాలోకే వెళ్లాయి, బాకీ పోను మిగిలింది చేతికొచ్చింది. అప్పైతే తీరింది, అదే పదివేలు.

లెక్క ఇలా వేసుకోండి. ఎనభై వేల గేదెలు పది ఉంటే, 4 శాతం చొప్పున ఏటా 32,000 కట్టాలి. రెండున్నరేళ్లు కడితే ఒక గేదె ఖరీదు. మీ కొట్టంలో రెండున్నరేళ్లకు ఒకటి చొప్పున చనిపోతుంటే కట్టండి. అంతకన్నా తక్కువైతే ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసుకోవడం నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఖాతా పొదుగువాపుకూ పనికొస్తుంది, ట్యాగు నంబరు అడగదు. ఒకటో రెండో గేదెల మీద ఇల్లు నడిచేవాళ్ల సంగతి వేరు. ఒక్కటి పోయినా ఇల్లు గడవడం కష్టమైపోతుంది, వాళ్లు కట్టాల్సిందే.

కానీ పూర్తి ప్రీమియం కట్టే ముందు సబ్సిడీ అడగండి. జాతీయ పశుసంపద మిషన్ కింద రైతు వాటాను 15 శాతానికి తగ్గిస్తూ 2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించింది, మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. మా 3,200 లెక్కన రైతు కట్టాల్సింది 480. ఆ ధరకైతే ఆలోచించే పనే లేదు. మీ దగ్గర ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో పశువుల ఆసుపత్రిలోనే కనుక్కోండి, ఏజెంటును అడిగితే పూర్తి రేటు పాలసీయే చూపిస్తాడు.

క్లెయిమ్ తిప్పి పంపితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి రసీదు తీసుకోండి. తర్వాత బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వేదిక బీమా భరోసా, ఫోన్ 155255. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఐదు లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. మేం కమిషన్‌కే వెళ్తున్నాం, ఆ వాట్సాప్ మెసేజ్ ప్రింటు తీసి జతచేశాం. మీలో ఎవరికైనా పీటీడీ కింద నిజంగా డబ్బులు వచ్చి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్‌లో ఏం రాయించారో, ఏయే కాగితాలు అడిగారో కింద రాయండి. పక్క కొట్టంవాళ్లు అడుగుతున్నారు.