పాకాల అడవిలో బైబిల్ రిట్రీట్: అడవికి నిండు మార్కులు, మైకుకు సున్నా

హనుమకొండ నుంచి పాకాలకు ఒక రోజు రిట్రీట్ (ఊరి బయట ప్రార్థన, బైబిల్ ధ్యానాలతో గడిపే రోజు) నడుపుతున్న బృందం గురించి మా సంఘంలో చాలామంది అడుగుతున్నారు. పోవచ్చా, పిల్లల్ని పంపొచ్చా అని. ఒక పాస్టర్ గారు, నలుగురైదుగురు యూత్ పిల్లలు కలిసి చేసుకుంటున్న పని అది. మెచ్చుకోలుతో పాటు కంప్లైంట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, ఆదివారం సండేస్కూల్ చూసుకుంటాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఇలాంటి ట్రిప్పులో నోరు మూసుకుని కూర్చోవడం కష్టం.

మనిషికి 900 రూపాయలు. వ్యాను, పొద్దున ఉప్మా, మధ్యాహ్న భోజనం, లోపలికి టికెట్టు, గైడు అన్నీ అందులోనే. ఆరింటికి బయల్దేరతామని చెప్పి ఏడు దాటించారు. నర్సంపేటలో టీకి ఆగడం సరే, ఆ ఆగడం అరగంట సాగింది. ఎండెక్కాక పిట్టలు ఎక్కడివక్కడ సర్దుకుంటాయని వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పాకాల చెరువు గురించి కొత్తగా చెప్పేదేముంది. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో వేసిన కట్ట, ఇప్పటికీ దాని కింద పొలాలు పారుతున్నాయి. చలికాలం కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎండిన మోడు మీద నీటికాకులు వరుసగా కూర్చుని ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మనవాళ్లు చక్రాల స్పీకరు దింపి, మైకు చెక్ చేసి, పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దాకా కూడా ఆగలేదు, మోడు ఖాళీ. అభయారణ్యంలో సౌండు పెట్టకూడదని గైడు వచ్చి మెల్లగా చెబితే ఆపారు. ఆకాశపక్షులను చూడుడి అని యేసు ప్రభువు చెప్పిన మాట మీద ఆ రోజు మొదటి ధ్యానం. చూడడానికి ఒక్క పిట్ట లేదు.

ఆ తర్వాత పక్షిరాజు కథ వచ్చింది. వస్తుందని నాకు ముందే భయం. మన మీటింగుల్లో వినని వాళ్లుండరు: నలభై ఏళ్లు నిండిన పక్షిరాజు కొండమీదికి పోయి, ముక్కును బండకు కొట్టుకుని ఊడగొట్టుకుని, కొత్త ముక్కు వచ్చాక గోళ్లు, ఈకలు పీకేసుకుని, కొన్ని నెలల ఉపవాసం తర్వాత మళ్లీ యౌవనంతో ఎగురుతుందట. ఏ గద్దా అలా చేయదు. ముక్కు పోతే అది మాంసం చీల్చుకోలేదు, ఆకలికి చస్తుంది. ముక్కూ గోళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాడకంలో అరుగుతూనే ఉంటాయి. ఈకలు కూడా అన్నీ ఒకేసారి రాలవు. పాతది రాలిన చోట కొత్తది వస్తూ, ఎగరడం ఆగకుండా, విడతలు విడతలుగా మారతాయి. పక్షిరాజు యౌవనంలా నీ యౌవనం కొత్తదవుతుందని 103వ కీర్తనలో చెప్పింది వివరించడానికి ఈ నిజం చాలదా? నాకైతే ఈ నిజమే ఎక్కువ ఊరటనిచ్చింది. అరవై దాటిన మనిషిని, బండకు తల కొట్టుకోమంటే ఎక్కడికి పోను?

పది దాటాక ఒక పెద్ద గద్ద గుట్ట వైపు నుంచి లేచింది. పాముల గద్ద అన్నాడు గైడు. రెక్క ఒక్కసారి కూడా ఆడించలేదు. నేల వేడెక్కి గాలి పైకి లేచే దాకా అది కొమ్మ మీద ఎదురుచూస్తుంది, లేచాక ఆ గాలి మీద తేలుతూ చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. యెహోవా కొరకు ఎదురుచూసేవాళ్లు పక్షిరాజుల్లా రెక్కలు చాపి పైకి ఎగురుతారని బైబిల్లో యెషయా 40లో ఉన్న వాక్యం మావాళ్లందరికీ కంఠతా వచ్చు. దానికి బొమ్మ నెత్తి మీదే తిరుగుతుంటే, మావాళ్లు తల వంచి ఫోన్లో గ్రూప్ ఫొటో సరిచూసుకుంటున్నారు. పాస్టర్ గారికి చూపించాను. ఆయన మాత్రం చాలాసేపు తల ఎత్తి చూశారు.

గైడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తగూడ వైపు కోయ పల్లె కుర్రాడు. దారి పక్కన తవ్వి ఉన్న ఒక చెదపుట్ట దగ్గర మమ్మల్ని ఆపాడు. మట్టి మీద గోళ్ల గీతలు పక్కపక్కనే లోతుగా ఉన్నాయి, నా వేలు అందులో పట్టింది. ఎలుగుబంటి పని. ముందు మూతితో దుమ్ము ఊది, తర్వాత చెదలను జుర్రుకుంటుందట. దాని పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచే పీలుస్తుంది. "ఆ సప్పుడు రాత్రిపూట మా ఊరి దాకా ఇనొస్తది టీచరమ్మా" అన్నాడు. పిల్లని వీపు మీద ఎక్కించుకుని తిరిగే తల్లిని వాడు చూశాడట. అందరం కళ్లప్పగించి వింటుంటే యూత్ లీడరు తమ్ముడొకాయన ముందుకొచ్చి, సోమరీ చీమల దగ్గరికి వెళ్లు అనే సామెత ఎత్తుకున్నాడు. చెదలు చీమలు కావు, వరసకు బొద్దింకకు దగ్గర. అది వదిలేద్దాం. అంత కష్టపడి కట్టుకున్న పుట్టను ఎలుగుబంటి ఒక రాత్రిలో తిని పోయిన చోట నిలబడి, కష్టపడితే ఫలితం తప్పదని పాఠమా!

మధ్యాహ్నం మాత్రం నా అభిప్రాయం మారింది. బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు అయ్యాక (వంట బాగుంది, పచ్చిపులుసు మరీ బాగుంది) చెట్టు కింద కూర్చున్నాం. స్పీకరు వ్యానులోనే ఉంది. 104వ కీర్తన చదివారు, సింహపు పిల్లలు తమ ఆహారం దేవుని చేతిలోంచి అడుగుతాయనే చోటు దాకా. ఆరో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "అయ్యగారూ, చిరుతపులికి దేవుడే తిండి పెడితే, మరి దుప్పి ప్రార్థన ఎవరింటరు?"

పెద్దవాళ్లు నవ్వారు. పాస్టర్ గారు నవ్వలేదు. "నాకు తెల్వది బిడ్డా" అని బైబిల్లో యోబు గ్రంథం 39వ అధ్యాయం తీశారు. కష్టాల్లో దేవుణ్ని ప్రశ్నించిన యోబుకు దేవుడు జవాబిచ్చే చోటు అది. వ్యాఖ్యానం లేకుండా చివరి దాకా చదివారు. కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా, అడవిగాడిదను ఎవరు వదిలిపెట్టారు అని దేవుడు అడుగుతూ పోతాడు. నిప్పుకోడి గుడ్లను నేల మీద వదిలేసి పోతుంది, ఎవరి కాలి కింద పడినా దానికి పట్టదు. చివర్లో పక్షిరాజు వస్తుంది, కొండకొన మీద గూడు, దాని పిల్లలు రక్తం తాగుతాయి. పొద్దున చెప్పిన కథలోని పక్షికీ దీనికీ పోలికే లేదు. చదివి, "దీన్ని చూసి ఇట్ల ఉండు అని దేవుడు యోబుకు ఒక్కదాని గురించి కూడా చెప్పలే, చూసినవ?" అని ఆ పిల్లనే అడిగారు. నా సండేస్కూల్ జీవితంలో ఇంత మంచి క్లాసు నేను చెప్పలేదు, వినలేదు. ఆయనకు ఆ నిజాయితీ ఉన్నప్పుడు పొద్దున ఆ కల్పిత కథ దేనికో నాకు అర్థం కాలేదు. తిరుగు దారిలో అడిగితే, చిన్నప్పటి నుంచి విన్నాను టీచర్ గారూ, ఇక చెప్పను అన్నారు. మాట మీద నిలబడతారో లేదో మీరు పోయి చూసి చెప్పండి.

ఇక చిల్లర విషయాలు. బూట్లు వేసుకోండి, చెప్పులతో వచ్చినవాళ్ల కాళ్లకు ముళ్లు దిగాయి. మంచినీళ్లు వాళ్లిచ్చేవి చాలవు, సొంత బాటిల్ ఉండాలి. బాత్రూము సంగతి నర్సంపేటలోనే చూసుకోవడం ఆడవాళ్లకు మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కట్ట మీదే ఉండిపోవచ్చు, బలవంతం చేయరు. పదేళ్లు దాటిన పిల్లల్ని ధైర్యంగా పంపొచ్చు. మొత్తం మీద 5కు మూడున్నర, అందులో ఒకటి పూర్తిగా గైడుది.

ములుగు జిల్లా తాడ్వాయిలో రెండు రోజుల క్యాంపు కూడా మొదలుపెడతారట, పేరివ్వమని అడిగారు. 2024 ఆగస్టు 31న గాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. అక్కడ నిలబెట్టి ఏం చెబుతారని ఫోన్లో అడిగాను. ఏలీయా ప్రవక్త ముందు బలమైన గాలి వీచినప్పుడు ఆ గాలిలో యెహోవా లేడని రాజుల గ్రంథంలో ఉంది, అది చదివి ఊరుకుంటామంటే ఇప్పుడే డబ్బు కడతాను. ఫలానావాళ్ల పాపానికి పడిన చెట్లు అని మొదలుపెడితే నేను రాను. ఆలోచించి చెబుతామన్నారు.