టైం జోన్ మెయింటెనెన్స్ అని ఏటా డబ్బు కడుతున్నారా? నాకు జరిగింది చదవండి

మన ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయడానికి రాసే పరీక్ష) కోచింగ్ నడిపేవాళ్లలో సగంమంది టెస్ట్ సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గరే కొన్నారు, ఎవరి గురించి అంటున్నానో మీకు తెలిసిపోతుంది. పేరు రాయను. రెండు రాత్రులుగా నిద్ర లేదు, కోపం ఇంకా దిగలేదు, మాట అటూ ఇటూ అయితే మన్నించండి.

కజకిస్తాన్ మొన్న శుక్రవారం, 2024 మార్చి 1 నుంచి, దేశమంతా ఒకే టైంకి వచ్చింది, యూటీసీకి (ప్రపంచమంతా గడియారాలు లెక్కగట్టే ప్రామాణిక టైం) ఐదు గంటలు ముందు. ఆల్మటీ, అస్తానా అప్పటిదాకా ఆరు గంటలు ముందుండేవి. అంటే ఇన్నాళ్లూ మనకంటే అరగంట ముందున్న ఆల్మటీ ఇప్పుడు అరగంట వెనక. జనవరిలోనే ప్రకటించారు. అక్కడ మెడిసిన్ చదువుతూ మన దగ్గర కోచింగ్ తీసుకునే పిల్లలు కూడా చెప్పారు, "మేడం, టైం మారుతోంది" అని. "సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే, దానికే కదా డబ్బు కడుతున్నాం" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

శనివారం ఆల్మటీ బ్యాచ్‌కి గ్రాండ్ టెస్ట్ (పూర్తి నమూనా పరీక్ష), అక్కడి టైం సాయంత్రం 6కి. లోపలికి రానిచ్చేది మొదటి అరగంటే. ప్రతి శనివారం లాగే మన 5:30కి టెస్ట్ తెరుచుకుంది. నేను స్క్రీన్ ముందే ఉన్నాను, అలవాటైన టైమే కాబట్టి ఏ తేడా తోచలేదు. కానీ అక్కడ అప్పటికి ఐదే అయింది. మన 6కి గేటు పడిపోయింది. ఆ తర్వాత 20 నిమిషాలకి వాట్సాప్ మోగడం మొదలైంది. 64 మందిలో లోపలికి వెళ్లింది ముగ్గురు, అదీ ముందుగానే లాగిన్ అయి కూర్చున్నందువల్ల. మిగతా 61 మంది బయటే. ఒకమ్మాయి నైట్ డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చింది. ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు. నేను పూర్తిగా చెప్పనే లేదు, "మీ పిల్లల ఫోన్లలో టైం తప్పుగా ఉందండి, సరిగ్గా పెట్టుకోమనండి" అన్నాడు. కాదండీ, ఆ దేశమే టైం మార్చింది అన్నాను. "మరి అక్టోబే బ్యాచ్ బాగానే వచ్చిందిగా? మా సాఫ్ట్‌వేర్ తప్పయితే వాళ్లకీ ఇబ్బంది రావాలిగా మేడం?" అని గొంతు పెంచాడు. అక్టోబే కూడా కజకిస్తాన్ ఊరే, కానీ ముందునుంచీ ఐదు గంటల జోన్‌లోనే ఉంది, అక్కడ ఏమీ మారలేదు కాబట్టి సరిగ్గా నడిచింది. ఆ వాదన విని నేనే ఒక క్షణం తప్పు నాదేనేమో అనుకున్నాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సర్వర్ల పనిలో ఉంటాడు, వాణ్ణి లైన్లోకి తీసుకున్నాను. వాడు అడిగింది ఒకటే ప్రశ్న: "టైం జోన్ డేటా ఏ వెర్షన్?" అటువైపు మాట లేదు. బలవంతంగా స్క్రీన్ షేర్ చేయిస్తే బయటపడింది, 2021ఏ, అంటే 2021లో వచ్చిన మొదటి వెర్షన్. నేను కొన్నప్పటి డేటా. ఏటా 18,000 చొప్పున మూడేళ్లు కట్టాను, ఇన్‌వాయిస్‌లో "టైం జోన్ డేటా నిర్వహణ" అని విడిగా ఒక లైనే ఉంది. ఆ మూడేళ్లలో ఒక్కసారీ దాన్ని ముట్టుకోలేదు. ఎందుకండీ అని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది, ఒక్క అక్షరం మార్చడం లేదు: "మార్చమని మీరు టికెట్ పెట్టలేదు కదా మేడం." టికెట్ అంటే సపోర్ట్‌కి రాసి పంపే రిక్వెస్ట్.

ఈ డేటా గురించి నాకూ నిన్నటిదాకా తెలియదు, తెలిశాక కోపం రెట్టింపైంది. ప్రపంచంలో ఏ ఊరు ఎప్పుడు గడియారం మార్చిందో రాసిపెట్టే ఆ పట్టికను ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన 1980ల్లో మొదలుపెట్టారట. ఇప్పుడు పాల్ ఎగర్ట్ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లతో కలిసి చూస్తున్నారు, 2011 నుంచి ఇంటర్నెట్ అడ్రస్‌ల వ్యవస్థను చూసుకునే ఐయానా సంస్థ ప్రచురిస్తోంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆల్మటీ మార్పు ఉన్న 2024ఏ ఫిబ్రవరి 1నే వచ్చేసింది. పైసా తీసుకోని వాళ్లు నెల ముందే పని పూర్తిచేసి పెడితే, డబ్బు తీసుకున్న మనిషికి దాన్ని తెచ్చి సర్వర్‌లో పెట్టడానికి 29 రోజులు చాలలేదు.

ఆ రాత్రి ఆయన సర్వర్‌ని నడిపే లైనక్స్‌లో టైం జోన్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి "అయిపోయింది" అన్నాడు. ట్రయల్ పెడితే తెరుచుకునే టైం మళ్లీ 5:30 అనే చూపించింది. ఎందుకంటే టెస్ట్ సాఫ్ట్‌వేర్ నడిచేది జావా అనే వేరే సాఫ్ట్‌వేర్ మీద, మా సర్వర్‌లోని జావా తన సొంత కాపీనే చూస్తుంది, లైనక్స్‌ది కాదు. జావా మూడు నెలలకోసారి కొత్తది ఇస్తుంది, జనవరిలో ఇచ్చింది 2024ఏ కంటే ముందుది. అందుకే ఇలాంటప్పుడు టీజడ్ అప్‌డేటర్ అనే చిన్న ప్రోగ్రాంతో విడిగా ఎక్కించాలి. ఇది మా తమ్ముడు చెప్పాల్సి వచ్చింది, డబ్బు తీసుకున్నవాడికి!

అది కూడా చేయలేదు. మాకు చెప్పకుండా, ఆరు గంటల జోన్‌లో ఉన్న బ్యాచ్‌లన్నిటినీ చేత్తో ఒక గంట జరిపేశాడు. బిష్కెక్ కిర్గిజ్‌స్తాన్‌లో ఉంది, అక్కడ టైం మారలేదు. ఆదివారం బిష్కెక్ పిల్లలు 6కి వచ్చి గంటసేపు తాళం వేసిన పేజీ చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా నడుస్తున్నదాన్ని కూడా పాడుచేశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెట్టాడు, రెండు నెలలు ఫ్రీ ఇస్తాడట. వద్దన్నాను, ఆ లైన్ కింద కట్టిన 54,000 వెనక్కి ఇమ్మన్నాను. ఇంకా జవాబు లేదు. పిల్లలకి టెస్ట్ ఫీజు నేనే తిరిగి పంపుతున్నాను, వచ్చే శనివారం మళ్లీ పెడుతున్నాం.

మీరు ఆయన దగ్గరే ఉంటే ఇవాళే వెర్షన్ రాతపూర్వకంగా అడగండి, లైనక్స్‌ది వేరు, జావాది వేరు, డేటాబేస్‌ది వేరు అని గుర్తుపెట్టుకుని అడగండి. మాటలు నమ్మకండి, ఒక ట్రయల్ పెట్టి చూడండి. ఆల్మటీ 6 అంటే మన 6:30కి తెరుచుకోవాలి, బిష్కెక్ 6 అయితే ఎప్పటిలాగే 5:30కి.

ఈజిప్టు బ్యాచ్‌లున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ వేసవి టైం 2023లో మళ్లీ మొదలైంది, ఏప్రిల్ చివరి శుక్రవారం గడియారం గంట ముందుకు జరుపుతారు, 2024లో అది 26న. నా సర్వర్ లాంటి పాత డేటాకి ఆ సంగతి తెలియదు. ఏప్రిల్ 27న కైరో సాయంత్రం 6కి ఒక ట్రయల్ పెట్టండి. మన టైంలో రాత్రి 8:30 చూపించాలి. 9:30 అంటే మాత్రం వెంటనే సపోర్ట్‌కి ఫోన్ చేయండి, ఇంకా ఏడు వారాలుంది.