పానగల్లు రౌండు: కిరాయి సైకిల్ ఎట్లా ఉంది, బాట ఎట్లా ఉంది

నల్గొండలో గేర్ సైకిళ్ళు కిరాయికి దొరుకుతున్నాయని తెలిసినప్పటి నుంచి మా చుట్టాల్లో అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ పానగల్లు రౌండు మేం తొక్కగలమా అని. నిశ్చింతగా తొక్కగలరు. బడి మానేశాక సైకిల్ ముట్టనివాళ్ళు కూడా. టౌన్ నుంచి పానగల్లు, అక్కడి నుంచి పొలాల మధ్యగా ఛాయా సోమేశ్వరాలయం, ఆ తర్వాత ఉదయ సముద్రం కట్ట, మళ్ళీ టౌన్. మొత్తం పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆయాసపడేంత ఎత్తు ఎక్కడా లేదు, గుట్టలన్నీ దూరంగా చూసుకోవడానికే.

ముందు షాపు సంగతి. నాకు బాగా నచ్చింది సైకిల్ చేతిలో పెట్టి పంపేయకపోవడం. అక్కడ పనిచేసే పిల్లాడు "అక్కా, ఎక్కి కూర్చోండి" అని, కింద ఉన్న పెడల్ మీద మడమ పెట్టించి కాలు పూర్తిగా చాపమన్నాడు. మోకాలు ఇంకా వంగే ఉందని సీటు రెండు వేళ్ళు పైకి లేపి, మళ్ళీ ఎక్కించి చూశాడు. అంతే, తిరిగొచ్చాక కూడా మోకాళ్ళ నొప్పి అన్న మాటే లేదు. మా ఆయనకి సీటుతో పాటు హ్యాండిల్ కూడా సరిచేశాడు. బ్రేకులు గట్టిగా పట్టాయి, గేర్లు జారలేదు, ముందు చక్రానికి ఉన్న సస్పెన్షన్ కంకర బాటలో చేతులకి దెబ్బ తెలియనివ్వలేదు.

కానీ టైర్లలో గాలి మరీ బిగుతుగా కొట్టి ఇస్తున్నారు. తారు రోడ్డుకి అది బాగానే ఉంటుంది, మట్టి బాటలోకి దిగగానే బండి ఎగురుతుంది, మలుపులో జారుతుంది. బయల్దేరే ముందే బొటనవేలితో నొక్కి చూసుకుని, కొంచెం తగ్గించమని అడగండి, మరీ మెత్తగా మాత్రం వద్దు. అసలు కోపం వచ్చింది ఇంకో దానికి. పంక్చర్ కిట్ ఇవ్వరు, పంపు ఇవ్వరు. ఈ బాట పొడుగునా సర్కారు తుమ్మే కదా, కొట్టేసిన కొమ్మల ముళ్ళు బాట మీదే పడి ఉంటాయి, ఎండాకాలం పల్లేరు కాయలు సరేసరి. మా ఆయన వెనక చక్రం పొలాల దగ్గరే కూర్చుంది. ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు, కాకపోతే గంట దాటాక. అప్పటిదాకా మాకు తోడు గట్టు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ. "ఏ ఊరు బిడ్డా మీది" అని అడిగి, తన సద్దిలో నుంచి పచ్చి పల్లికాయ తీసి పెట్టింది. ఆమె మంచితనం వేరు, షాపు బాధ్యత వేరు. ఒక ట్యూబు, టైరు ఊడదీసే రెండు లీవర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఇక బాట. ఛాయా సోమేశ్వరం దగ్గర తొందరపడకండి. కుందూరు చోళుల నాటి త్రికూటాలయం, మూడు గర్భగుళ్ళకీ ఒకటే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఒకే చోట నిలబడి ఉంటుంది. మండపంలో మీరు ఏ స్తంభం పక్కన నిలబడినా అది ఆ స్తంభం నీడ అని తేల్చలేరు. అటూ ఇటూ నుంచి వచ్చే వెలుతురు స్తంభాల మధ్య చెదరడం వల్లే అట్లా పడుతుందంటారు. కారులో వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. పొలాల గాలి పీల్చుకుంటూ వచ్చి, చెమట ఆరేదాకా ఆ రాతి మీద కూర్చుంటేనే గుడి కళ్ళకి ఆనుతుంది. పచ్చల సోమేశ్వరం, దాని పక్కన మ్యూజియం కూడా దారిలోనివే.

ఉదయ సముద్రం కట్ట మీద మాత్రం ఎదురుగాలి ఉంటుంది, చిన్న గేరులో పెట్టుకుని నిదానంగా పోవాలి. ఇది కూడా ఆ కుందూరు చోళుల కాలం నాటి చెరువే, ఇప్పుడు సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు నిలిచే రిజర్వాయర్. ఇట్లాంటి పాత కట్టలని సైకిల్ బాటలు చేయొచ్చా అంటే, స్పెయిన్‌లో వాడకంలో లేని రైలు దారులనే సైకిల్ బాటలుగా మార్చారు. వాటిని వియాస్ వెర్దెస్ అంటారు, 1993లో మొదలుపెట్టి ఇప్పటికి 3,000 కిలోమీటర్లు దాటించారు. వాటిలో ఒల్వెరా నుంచి ప్యుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల బాట మీద 30 సొరంగాలున్నాయి, రైలు ఏనాడూ నడవని లైను అది. మనకి సొరంగాలు లేకపోతేనేం, కాకతీయుల నాటి నుంచి తవ్వుకున్న చెరువులకి కట్టలున్నాయి. వాటి మీద ముళ్ళు కొట్టించి, నీడకి నాలుగు చెట్లు పెట్టి, ఎటు పోవాలో బోర్డులు పాతితే ఈ జిల్లాలో ఇట్లాంటి రౌండ్లు ఎన్నో తయారవుతాయి. ఇప్పుడైతే ఒక్క బోర్డూ లేదు, అడుగుతూ పోవాల్సిందే.

తాగే నీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, ఈ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కోతల టైములో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద నుంచి తొక్కకుండా దిగి నడిపించుకోండి. బత్తాయి సీజన్ అయితే తిరుగు దారిలో ఆగి రసం తాగడం మరవకండి. పిల్లల సైజు సైకిళ్ళు తక్కువ ఉన్నాయి, శని ఆదివారాల్లో తెల్లారేసరికే వెళ్ళిపోతున్నాయి, ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి పెట్టించుకోండి, ఆ ఫోన్‌లోనే పంక్చర్ కిట్ కూడా అడగండి.