ఏడాది చందా కట్టే ముందు ఎగుమతి బటన్ ఒకసారి నొక్కి చూడండి

ఫీడ్ రీడర్, అంటే మనం ఎంచుకున్న సైట్లలో కొత్తగా వచ్చే కథనాలను ఒకేచోటికి తెచ్చి చూపే సేవ, కొనాలనుకుంటున్న వారు నాలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. ఏడాది చందా ఒకేసారి కడితే తగ్గింపు అన్నారు, కట్టేశాను. నాలుగో నెలలో బయటపడదామనుకున్నాను. ఇంకా బయటపడుతూనే ఉన్నాను. ఆ సేవ పేరు చెప్పడం లేదు. పేరు చెబితే మీరు దాన్ని ఒక్కదాన్నే తప్పించుకుంటారు, ఇదే పద్ధతి ఉన్న ఇంకొకదానిలో పడతారు.

తేడా మొదట కనిపించింది ఒక వార్తల సైటు దగ్గర. అక్కడ ఉదయం వచ్చిన కథనం రీడర్‌లో లేదు. ఆలస్యమేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. రీడర్లు చదువుకునేందుకు సైటు తన కథనాలతో తయారుచేసి ఉంచే జాబితాను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు అంటారు. అందులో సైటులోని కథనాలన్నీ ఉండవు, ఇటీవలివి కొన్ని మాత్రమే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లలో ఎవరూ మార్చకపోతే ఆ సంఖ్య 10. కొత్తది చేరగానే పాతది కిందినుంచి జారిపోతుంది. రోజుకు 40 వార్తలు వేసే సైటు ఫీడును మీ రీడరు రెండుసార్లే చూసి వచ్చిందనుకోండి, తెచ్చేది మహా అయితే 20. మిగతా సగం వచ్చినట్టు కూడా మీకు తెలియదు. "ఎప్పటికప్పుడు తాజా వార్తలు" అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. ఎన్ని గంటలకొకసారి తాజా అన్నది మాత్రం సహాయ పేజీ అట్టడుగున ఉంది. అందులోనూ చందాదారులు తక్కువగా ఉన్న ఫీడులను ఇంకా అరుదుగా చూస్తారట. నేను రీడరు కొనుక్కున్నదే నలుగురికీ తెలియని చిన్న సైట్ల కోసం!

వెబ్‌సబ్ అనే పద్ధతి ఒకటుంది, 2018లో వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. కొత్త కథనం రాగానే సైటు వైపు నుంచే కబురు వెళ్తుంది. అయితే అటు సైటు, ఇటు రీడరు రెండూ దాన్ని వాడుతుంటేనే ఆ లాభం.

సరే, మారిపోదామనుకున్నాను. అసలు దెబ్బ అక్కడ తగిలింది. "మీ సమాచారం మీదే, ఎప్పుడైనా తీసుకువెళ్లవచ్చు" అన్న మాట నమ్మి ఎగుమతి బటన్ నొక్కితే ఓపీఎంఎల్ ఫైలు ఒకటి దిగింది. అందులో ఫీడుల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. అంతే. రెండేళ్లకు పనికొస్తాయని స్టార్ గుర్తు పెట్టి దాచుకున్న ఆరు వందల పైచిలుకు కథనాల ఊసే లేదు. నిజానికి ఓపీఎంఎల్ చేసే పని ఫీడుల జాబితాను మోయడమే, ఆ ఫైలును తప్పు పట్టలేను. దాచుకున్న కథనాలను వేరే ఫైలుగా ఇచ్చే రీడర్లు ఉన్నాయి, ఇది ఇవ్వదు. ఓపిగ్గా సర్దుకున్న ఫోల్డర్లు కూడా అన్నీ కలిసిపోయి ఒకే కుప్పగా వచ్చాయి. ఓపీఎంఎల్‌లో ఫోల్డర్లకు చోటుంది కాబట్టి దీనికి మాత్రం ఏ సాకూ లేదు.

ఉన్న రీడరు బాగానే ఉంది కదా, ఎందుకు మారతాం అనుకునే వారు గూగుల్ రీడర్‌ను గుర్తు చేసుకోండి. మూసేస్తున్నట్టు 2013 మార్చిలో చెప్పారు, జులై 1కి మూసేశారు. ఆ ఖాళీని చూసి అదే ఏడాది వచ్చిన డిగ్ రీడర్ 2018 మార్చిలో మూతపడింది. మీరు వెళ్లకపోయినా ఒక రోజు వాళ్లే పంపించేస్తారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. వాపసు ఇవ్వలేదు. నిబంధనల్లో ఆ మాట ముందే ఉంది, చదవనిది నేనే. మీరు ఫోనులోని యాప్ స్టోర్ ద్వారా చందా కట్టి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. స్టోర్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

ఉచిత పరీక్ష కాలంలో మీ వంద ఫీడులనూ ఎక్కించకండి, అయిదు చాలు. ఒకటి రోజంతా వార్తలు కురిపించేది, ఒకటి నెలకొకసారి పలికేది, ఒకటి కథనంలో మొదటి రెండు వాక్యాలే ఫీడులో పెట్టేది తప్పక ఉండాలి. మొదటిదాన్ని సైటుతో పక్కపక్కన పెట్టి రెండు రోజులు లెక్క చూడండి. మొదటి రోజే మూడు కథనాలకు స్టార్ పెట్టి, ఎగుమతి చేసి, ఆ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఆ మూడూ కనబడకపోతే సహాయ విభాగానికి రాయండి. జవాబు ఎన్నాళ్లకు వస్తుందో కూడా తెలుస్తుంది.

అసలు డబ్బు కట్టవలసిన అవసరం ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మ్యాక్, ఐఫోన్ వాడేవారికి నెట్‌న్యూస్‌వైర్ ఉచితం, దాని సోర్సు కోడు కూడా అందరికీ తెరిచే ఉంది. సొంత సర్వర్ నడిపే ఓపిక ఉంటే ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్, మినీఫ్లక్స్ ఉన్నాయి. ఆ ఓపిక నాకు లేదనుకునే చందా కట్టాను. ఇప్పుడు దానికి రెట్టింపు ఓపికతో, దాచుకున్న కథనాల లింకులను ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించుకుంటున్నాను. నిన్న రాత్రికి రెండు వందల పద్నాలుగు అయ్యాయి.