నిల్‌పొటెంట్ అని తేల్చడానికి ఏది మేలు: వీక్లీ ఎబీలియన్ ఆర్డరా, ఎంగెల్ షరతా?

ఎం.ఎస్సీ. పిల్లలు ఏటా అడుగుతారు: "సార్, ఆర్డర్డ్ గ్రూపు నిల్‌పొటెంట్ అని చూపాలంటే ఏ కమ్యుటేటర్ షరతు పట్టుకోవాలి?" కమ్యుటేటర్ [గ, హ] అంటే గ⁻¹హ⁻¹గహ, గుణించే క్రమం మారిస్తే వచ్చే తేడా. కమ్యుటేటర్లు తీస్తూ పోతే ఒక స్థిర మెట్టు దగ్గర అన్నీ 1 అయిపోయే గ్రూపు నిల్‌పొటెంట్; ఆ మెట్ల సంఖ్యే దాని క్లాసు. ఆర్డర్ అంటే ఇక్కడ మూలకాల మధ్య పెద్దా చిన్నా వరస, ఎటు గుణించినా చెదరనిదే.

వీక్లీ ఎబీలియన్ సంగతి ముందు. ధన మూలకం (1 కన్నా పెద్దది) గ ని దేనితో కాంజుగేట్ చేసినా, అంటే హ గ హ⁻¹ చేసినా, గ² దాటకూడదు. అప్పుడు [గ, హ] ని ఎంత ఘాతానికి పెంచినా గ ని అందుకోలేదు. పూర్ణాంకాల హైసెన్‌బర్గ్ గ్రూపులో జనరేటర్లు గ, హ లకు [గ, హ] = మ; ఈ మ అన్నిటితో కమ్యూట్ అవుతుంది (ఎటు నుంచి గుణించినా ఒకటే). ముందు గ ఘాతాలు, అవి సమానమైతే హ ఘాతాలు, ఆఖర్న మ ఘాతాలు పోల్చండి. మ ని కోటిసార్లు గుణించినా హ కిందే ఉంటుంది. నిల్‌పొటెంట్ గ్రూపు మీద ఏ ఆర్డర్ పెట్టినా ఈ షరతు నిలుస్తుంది.

దీన్ని తిరగేసి వాడితేనే చిక్కు. రెండు జనరేటర్ల ఫ్రీ గ్రూపు (జనరేటర్ల మధ్య ఏ సంబంధమూ లేనిది) తీసుకోండి. దాని లోయర్ సెంట్రల్ సిరీస్‌లో (కమ్యుటేటర్లు తీస్తూ దిగే ఉపగ్రూపుల వరసలో) మెట్టుకీ మెట్టుకీ మధ్య కోషెంట్ టార్షన్ లేని (1 కానిది ఏ ఘాతానికీ 1 కాని) ఎబీలియన్. అన్ని మెట్లకూ ఉమ్మడిగా మిగిలేది ఐడెంటిటీ ఒక్కటే. ఆ మెట్ల వెంట ఆర్డర్ పెడితే అది వీక్లీ ఎబీలియనే. గ్రూపు మాత్రం నిల్‌పొటెంట్ కాదు.

అందుకే నేను ఎంగెల్ వైపు. ఒక స్థిర సంఖ్య ఉండి, ఏ గ, హ తీసుకున్నా, అన్నిసార్లు వరసగా హ తో కమ్యుటేటర్ తీస్తే [గ, హ, హ, …, హ] = 1 కావాలి, అంతే. ఇందులో ఆర్డర్ ఊసే లేదు. ఏదో ఒక ఆర్డర్ ఉంటే చాలు, గ్రూపు నిల్‌పొటెంట్ అని కిమ్, రెమ్తుల్లా నిరూపించారు.

ఆర్డర్ చేసే పని చిన్న కేసులోనే కనిపిస్తుంది. నాజీలు లైప్‌జిగ్‌లో ఉద్యోగం తీసేస్తే కలకత్తా వచ్చి పాఠాలు చెప్పిన గణితవేత్త లెవీ, ఎప్పుడూ [గ, హ, హ] = 1 అయితే ఏ మూడు మూలకాలకైనా [గ, హ, మ]³ = 1 అని 1942లో చూపాడు. మామూలు గ్రూపులో ఆ ఘనం దగ్గరే ఆగిపోతాం. ఆర్డర్ ఉంటే 1 కాని మూలకం ఘనం 1 కాలేదు కాబట్టి [గ, హ, మ] = 1; క్లాసు 2కి దిగిపోయింది. ఆయనే ఆ ఏడాదే ఆర్డర్డ్ గ్రూపుల మీదా రాశాడని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమో!

ఆర్డర్ తీసేస్తే ఎంగెల్ కూడా చాలదు. రెండు మూలకాల గ్రూపుకీ, అలాంటివి అనంతంగా కలిపిన గ్రూపుకీ రీత్ ప్రొడక్ట్ (మొదటిదాని ప్రతులను రెండోది అటూ ఇటూ జరిపేలా కట్టిన గ్రూపు) తీయండి: మూడోసారికే కమ్యుటేటర్ 1 అవుతుంది, అయినా నిల్‌పొటెంట్ కాదు.

గ ఘాతం హ తో కమ్యూట్ అయితే గ కూడా అవుతుందన్నది ఆర్డర్డ్ గ్రూపులన్నిటికీ ఉన్న గుణమే. ఈ ప్రశ్నకు పనికిరాదు.

"కాదు" అని చెప్పాలంటే మాత్రం వీక్లీ ఎబీలియనే దగ్గరి దారి. హ గ హ⁻¹ = గ² అన్న గ్రూపులో గ ధనమనుకోండి. హ² తో కాంజుగేట్ చేస్తే గ⁴ వస్తుంది, అది గ² దాటింది. రుణమైతే దాని విలోమంతో ఇదే లెక్క.