బేస్ గిటార్ లేని హోరు: ద వైట్ స్ట్రైప్స్ లైవ్ ఆల్బమ్

చర్చ్ స్ట్రీట్‌లోని ఒక రికార్డుల దుకాణంలో నాకు దొరికిన 'అండర్ గ్రేట్ వైట్ నార్తర్న్ లైట్స్' అనే ఈ లైవ్ ఆల్బమ్‌ను, రాక్ సంగీతం ఇష్టపడే బెంగళూరు తెలుగువారందరూ వినాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. అమెరికన్ రాక్ జంట ద వైట్ స్ట్రైప్స్ 2007లో కెనడా అంతటా తిరిగి చేసిన కచేరీల నుంచి ఏరిన 16 పాటలతో ఇది 2010లో విడుదలైంది.

మంద్రస్వరాలు పలికించే బేస్ గిటార్ వాయించేవారు ఎవరూ లేకపోయినా, జాక్ వైట్ గొంతు, గిటార్, మెగ్ వైట్ డ్రమ్స్ కలిసి ప్రాంగణాన్ని నింపేస్తాయి. మెగ్ వాద్యం మరీ సాదాగా ఉంటుందని పెదవి విరిచేవారు 'బాల్ అండ్ బిస్కెట్' వినాలి. జాక్ గిటార్ అదుపు తప్పినట్లు పరుగెత్తిన ప్రతిసారీ, ఆమె తొందరపడకుండా వేసే బరువైన దెబ్బే పాటను నిలబెడుతుంది. అమెరికన్ గాయని డాలీ పార్టన్ పాట 'జోలీన్'లో జాక్ గొంతు బతిమాలుతూ బతిమాలుతూ అరుపుగా మారే తీరు నన్ను కదిలించింది, నా దృష్టిలో ఆల్బమ్ మొత్తానికి ఇదే శిఖరం. చివరి పాట 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో బేస్‌లా వినిపించేది, నిజానికి కాలితో నొక్కే పెడల్ పరికరం సాయంతో స్వరాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించిన గిటారే.

రికార్డింగ్ గరుకుగా ఉంటుంది కనుక చిన్న స్పీకర్‌లో గోలగా తోచవచ్చు. మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి.