పాము ఆడదా, మగదా: తోక చూసి చెప్పాలా, ప్రోబ్ (లోపలికి దించే సన్నటి పుల్ల) పెట్టి తేల్చాలా?

ముందే ఒక మాట: సైజు చూసి తీర్పు చెప్పకండి. గ్రీన్ అనకొండల్లో ఆడదే భారీగా ఉంటుంది. మగవి ఒకదానితో ఒకటి పెనుగులాడే రాచనాగుల్లో మగదే పెద్దది. రంగూ అంతే. యూరప్ యాడర్ అనే విషపాములో మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు, కానీ చాలా జాతుల్లో రెండూ ఒకేలా ఉంటాయి.

ఏం తెలుస్తుంది?
తోక: మగపాము జంట జననాంగాలు తోక మొదట్లో లోపలికి ముడుచుకుని ఉంటాయి. అందుకే అవస్కరం (మలమూత్రాలు బయటికొచ్చే రంధ్రం) దాటాక కూడా తోక కొంతదూరం లావుగానే సాగి, తర్వాత సన్నబడుతుంది. పొడవూ ఎక్కువే. ఆడదాని తోక పొట్టి, అవస్కరం దగ్గర్నుంచే చటుక్కున సన్నబడుతుంది.
ప్రోబ్: అవస్కరంలోంచి తోక వైపు దించితే, ఆ జననాంగాలు ముడుచుకునే ఖాళీని లోపలినుంచి కొలుస్తుంది. మగదానిలో లోతుగా దిగుతుంది, ఆడదానిలో కొద్ది పొలుసులంత లోతులోనే ఆగిపోతుంది.

ఖర్చు, శ్రమ
తోక: కళ్లు, ఓపిక. పాము తోక చాపేదాకా ఆగాలి.
ప్రోబ్: మొన తేలని నున్నటి స్టీలు పుల్లలు, అనుమతి, చేయి తిరిగిన మనిషి.

ప్రమాదం
తోక: పొరపడడమే. పిల్లపాముల్లో తేడా అంతగా ఆనదు.
ప్రోబ్: కాస్త బలం ఎక్కువైతే లోపల చిరుగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. విషపాము అయితే మీకూ ముప్పే.

ఫొటోలకీ, ఆసక్తికీ అయితే తోక చాలు. తేలకపోతే తేలనట్టే వదిలేయండి. జనాభా లెక్కలు తీసే పరిశోధకులకైతే, శిక్షణ ఉంటే, ప్రోబ్.